మిగిలిన ప్రాణం

కత్తి ఎప్పుడూ తగులుతుంది. ఎనిమిది.
గొడ్డలి నాలుగుసార్లకు ఒకసారి. నలభై.
నలభైని నాలుగుతో భాగిస్తే పది.
గొడ్డలే మేలని రాసి, గడికి పచ్చరంగు పూసి,
టీ చల్లారిందని అప్పుడు చూసుకున్నాను.

హెచ్చెస్సార్ లేఅవుట్, మూడో అంతస్తు, రాత్రి పదకొండు.
లైట్లార్పడానికొచ్చిన కుళ్ళాయప్ప
తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని
నా వెనకాలే నిలబడ్డాడు.
పెనుకొండ మనిషి. నైట్ డ్యూటీ.

"ఆడతావా?" అన్నాను.
రాక్షసికి ఎనిమిది ప్రాణం మిగిలింది,
మన వీరుడికి ఇంకొక్క దెబ్బకు సరిపడా.
"గొడ్డలి తీసుకో. సగటున పది."

మౌసును గవ్వల్లా గుప్పిట్లోకి తీసుకోబోయి
మళ్లీ చెయ్యి పరిచాడు.
"సగటున అంటే ఏంది సామీ?"
"వెయ్యిసార్లు విసిరితే ఒక్కోదానికి పడే వాటా."
"వెయ్యిసార్లు ఇసరనిస్తాదా ఇది?
దానికుండేదే ఎనిమిది. నలభై యాల?"

కత్తి నొక్కాడు. రాక్షసి కూలింది.

నాలుగేళ్లుగా ఈ పట్టికలు నావి.
ఏ గొడ్డలీ ఎప్పుడూ పది కొట్టలేదు.
కొడితే నలభై, లేకుంటే గాలి.
పది నా గడిలో తప్ప ఎక్కడా లేదు.

పచ్చరంగు తీసేయలేదు, లెక్క తప్పు కాదు కదా.
పక్కన ఇంకో నిలువు వరస గీశాను,
"ఎంత మిగిలింది?" అని పేరు పెట్టి.

కింద వాన. క్యాబు ఏడు నిమిషాల్లో అంటోంది
పావుగంట నుంచి.
కుళ్ళాయప్ప గేటు దగ్గరి కుర్చీ లోపలికి జరిపి
నాకు చోటిచ్చాడు.