పావుగంట

వోర్షా స్టూడియో ఒకప్పుడు రొట్టెల బట్టీ.
ఇప్పుడక్కడ కాలేదేమీ లేదు,
ఆరేది మాత్రం చాలా ఉంది.
దండేనికి క్లిప్పులతో వేలాడుతూ
మూడు మీటర్ల పొడవున ఒక గొయ్యి,
గోతి అడుగున చీమంత లారీ.

జర్మనీ తూర్పు అంచున, లౌజిట్స్‌లో,
బొగ్గు కోసం తవ్విన గొయ్యి అది.
అంతకుముందు అది వోల్షింకా:
ముప్పై ఏడిళ్లు, ఒక చర్చి, రెండు పేర్ల బోర్డు.
పైన జర్మన్‌లో పెద్దక్షరాలు,
కింద సోర్బు భాషలో చిన్నవి.
యంత్రం ఆ తేడా పాటించలేదు,
రెండు పేర్లనీ ఒకే దోసిట్లో ఎత్తిపోసింది.

ఫోటో అబద్ధమాడుతుందని కొందరి ఫిర్యాదు.
వోర్షాది అది కాదు.
"నిజమే చెబుతుంది, కానీ మరీ బల్లపరుపుగా" అంటుంది.

అందుకే దాన్ని దండెం మీంచి దించి
పిండి కలిపిన పాత తొట్టిలో నానేస్తుంది.
నీళ్లు ష్ప్రే నదివి,
గనుల తుప్పు దిగి, కాచిన టీ రంగులో ఉంటాయి.
కాగితం మెత్తబడ్డాక
గోతి ఈ గట్టుని తెచ్చి ఆ గట్టుకి ఆనిస్తుంది.
మధ్యనున్న రెండు కిలోమీటర్ల ఖాళీ
జేబు గుడ్డలా లోపలికి పోతుంది.
పల్లం లేచి నిలబడుతుంది.
పక్కనుంచి ఒక్క దీపం పెట్టి
మళ్లీ ఫోటో తీస్తుంది.
ఏ పటంలోనూ లేని కొండ,
దానికి నిజమైన నీడ.

"ఇది శిల్పమా, ఫోటోనా?" అనడిగింది
లైప్సిష్ నుంచి వచ్చిన విద్యార్థిని.
"ముందా స్పాంజి అందుకో."

నవంబరులో బాయిలర్ మొరాయిస్తే
బాగుచేయడానికి హార్ట్‌విగ్ వచ్చాడు.
ఇరవయ్యారేళ్లు తవ్వే యంత్రం నడిపిన మనిషి.
టోపీ తీయలేదు. తడి కాగితం ముందు
చాలాసేపు నిలబడి, "తప్పు" అన్నాడు.
"నేల ఇలా మడవలేదు.
చర్చి ఎడమకి వాలింది.
ముందు దుమ్ము, తర్వాత గోడ,
చప్పుడు అన్నిటికంటే ఆఖర్న."

"ఆ రోజు..."
"షిఫ్టు నాదే."

పైపులో నీళ్లు గుడగుడమన్నాయి.
వోర్షా చేతులు తుడుచుకుంది.
"చర్చి వెనక మా అమ్మమ్మ ఇల్లు. పచ్చ తలుపు."
తలుపు గుర్తులేదన్నాడు.
"ప్లమ్ చెట్టు గుర్తుంది.
వేళ్లు బకెట్‌కి చుట్టుకుని వదల్లేదు.
పావుగంట ఆపాం.
లాగ్‌బుక్‌లో రాసింది కూడా నేనే:
సాంకేతిక కారణం."

ఆమె ఏమీ అనలేదు.
తొట్టి దగ్గర్నుంచి పక్కకి జరిగింది, అంతే.
అతను గ్రీజు వేళ్లతో కాగితాన్ని
ఎడమకి వంచాడు.
ఇంకొంచెం.
అది చిరిగింది.

చిరుగుని అతికించలేదు.
గ్రీజు మరకని తుడవలేదు.
కాట్‌బుస్ గ్యాలరీలో
ఆ కాగితమే ఉంది, కొండలా కాదు,
కొండ అవుతూ ఆగినదానిలా.
పక్కన చీటీ మీద పేరు: పావుగంట.

దుఃఖమొస్తే గుండె చెరువైందంటాం.
అక్కడ ఇప్పుడు గొయ్యే చెరువవుతోంది,
పైపులేసి నది నీళ్లు వదులుతున్నారు,
పడవల రేవుకి టెండర్లు పిలిచారు.
ఎత్తు పెరిగే ప్రతి సెంటీమీటరుకీ లెక్క ఉంది.

గ్యాలరీలోనూ ఏదో పెరుగుతోంది.
వాన రోజున జనం తడి కోట్లతో వస్తే
గాలి చెమ్మకి మడతలు సడలుతున్నాయి.
పిన్నులు కొడదామన్నారు నిర్వాహకులు.
వోర్షా వద్దంది.

ఆఖరి ఆదివారం హార్ట్‌విగ్ వచ్చాడు,
ఈసారి టోపీ చేతిలో ఉంది.
ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా వంగాడు.
చిరుగు లోపల్నుంచి
ఏ బొమ్మా పడని తెలుపు
వేలెడంత బయటికొచ్చింది.

"ముట్టుకోకూడదండీ" అంది కాపలా అమ్మాయి.
"ముట్టుకోవట్లేదమ్మా,
ఊపిరి తీస్తున్నానంతే."