గది నిశ్శబ్దం

నా పని చూసుడు కాదు, వినుడు.
చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిల కర్ర,
కర్రకొసకు బొచ్చుమైకు.
ఊరి పిల్లలు దానికి ఉడుత అని పేరుపెట్టిండ్రు.

చండూరు దాటినంక, పత్తిచేన్ల నడుమ
ఎవరిదో మట్టిమిద్దె. వెనక వంటర్ర.
కాలేజీ నుంచి పదిమందిమి,
అలుకుటానికి, మోసుటానికి వచ్చిన ఊరోళ్లు నలుగురు.
కథల ఏడాది పందొమ్మిదివందల నలభై రెండు.
స్విచ్‌బోర్డు మీద జల్లెడ తగిలేసి
కరెంటును దాచినం.

స్క్రిప్టుల కందికట్టె అని రాసిండు చందూలాల్.
ఊరంత తిరిగితే దొరికింది పత్తికట్టె.
"మంట మంటే కదా" అన్నడు.
గడపకు ఆనుకొని నిలబడ్డ ఈదమ్మ
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.
"మందుల వాసన. నలభై రెండుకు నేను పుట్టలే గని
మా పొయ్యి ఎన్నడు ఇట్ల కంపుగొట్టలే."

"కట్" అన్నంక కూడ నిఖిత కండ్లు కారుతనే ఉన్నయి.
ఆమె ఏడ్వాల్సింది పదకొండో పేజీల,
మేం ఇంకా నాలుగులనే ఉన్నం.

ఈదమ్మ కూసోదు. కూసుంటే లేవలేదు.
ఏది ఎక్కడ పెట్టాల్నో నిలబడే చెప్తది,
ఉప్పుగురిగి గూట్లె, ఊదుగొట్టం ఎడమపక్క.
బాయినీళ్ల సీనుకు క్యాను నీళ్లు కుండల పోస్తుంటే
"అప్పటి బాయి ఎక్కడుండె అవ్వా?" అని అడిగిండ్రు ఎవరో.
వంగని మోకాళ్లను రెండుసార్లు తట్టింది.
"ఇగో, గీండ్లల్ల ఉన్నది."

ఇసుర్రాయికి మూడు రోజులు తిరిగినం.
పైరాయి ఒకరింట్ల బట్టలుతికే కాడ దొరికింది,
కిందిరాయి ఇంకొకరి కోళ్లగూటి మీద బరువుకు.
జంగయ్య రెంటినీ ఆటోల తెచ్చి జతగట్టిండు,
కొత్త పిడి కొట్టిండు.
కెమెరా ఎనక ఫర్హీన్ బొటనవేలు లేపింది.
జొన్నలు పోసి తిప్పితే నా చెవులల్ల
గర్ర్, టక్. గర్ర్, టక్.
నేను నోరు తెరవకముందే గడపకాడి నుంచి
"ఇవి ఒక్కింటివి గావు బిడ్డా,
ఒకటి మాట్లాడుతుంటె
ఇంకోటి ఊకొడతలేదు."

పాట పాడుమని బతిలాడినం,
రెండు నిమిషాలు రాసిపెట్టి ఉన్నది పాటకు.
"పాటనా?
కోడికూతకు ముందు నాలుగు మానికలు ఇసరాలె.
నిద్రపట్టకుంట మా అత్తను తిట్టుకునేదాన్ని.
రాయి చప్పుడుకు ఆమెకు ఇనపడకపోయేది.
గదే రాగం."
ఏమని తిట్టేదానివంటే
నిఖితను మళ్ల తిప్పుమన్నది.
రాయి తిరుగుతున్నంతసేపూ ఆమె పెదవులు కదిలినయి.
మైకు ఎంత దగ్గరికి జరిపినా
నా చెవులల్ల రాయే.

చీకటి పడంగ నా వంతు.
ఏ చోట షూటింగైనా చివర ఒక నిమిషం
ఉత్తగదిని పట్టుకోవాలె,
మాటకూ మాటకూ నడుమ అతికేసుటానికి
ఆ గది నిశ్శబ్దమే కావాలె.
"ఎవ్వరు కదలొద్దు" అన్న.
ఉన్నోళ్లు ఉన్నకాడనే ఆగిండ్రు.
కుండల గటక కుతకుత.
వాసాల నడుమ బల్లి.
ఎక్కడనో బోరుమోటరు,
నలభై రెండుల లేని మోటరు.
ఇరవై సెకన్లు. ముప్పై.
నలభై కాడ, గొంతు తగ్గించి ఈదమ్మ
"పొయ్యి ఆరిపోతున్నది. ఎవరన్న ఊదుండ్రి."

చందూలాలో, జంగయ్యో, చీకట్ల కనపడలే,
ఊదుగొట్టం అందుకున్న చప్పుడు,
ఫూ అని ఒక పొడుగాటి ఊపిరి,
పత్తికట్టె చిటపట.

టేక్ పోయింది.
ఇంకోటి తీద్దామా అని ఎవరో సైగ చేసిండ్రు.
అప్పటికే అడుగంటుతున్న వాసన.
మైకును గోడకు ఆనిచ్చి,
హెడ్‌ఫోన్లు మెడలకు జార్చుకొని
తెడ్డు అందుకున్న.