మిస్సీ

ఆదోనిలో పత్తి యార్డు ఎనక
మేడ మీద ఉండేది పండ్ల డాక్టరు.
పండ్ల డాక్టరంటే దానిమ్మ ఇస్తాడనుకోని
ఎగురుకుంటా మెట్లెక్కింది దిల్షాదు.

మూడున్నరేండ్లు దానికి.
ముందరి పైపండ్లు నాలుగూ
గింజ తీయని పత్తిలో
గింజల మాదిరి నల్లగా.

దీనికంటే రెండేండ్లు పెద్దది మాబున్ని.
బెల్లంగడ్డ బుగ్గన పెట్టుకోని నిద్రపోయే రకం.
దాని నోట్లో ఒక్క మచ్చ లేదు.
ఒకే కడుపు, ఒకే కుండ నీళ్ళు,
ఒకే పుల్ల ఐసు చెరి సగం.

"తల్లి చూసుకోల్యా" అనిరి మా వీధిలో.
షేకున్ని వారం దినాలు సరిగా బువ్వ తినల్యా.

డాక్టరమ్మ చిన్న అద్దం లోపల పెట్టి
"మీ ఇండ్లలో ఎవురికన్నా ఇట్లనే ఉండెనా?" అనె.
షేకున్ని నా పక్క జూసె.
నేను మీసం సర్దుకుంటి.

నవ్వొస్తే మీసం కింద దాచుకునేది
నాకు ఎవురు నేర్పిరో
అప్పుడు తట్టింది.

మా జేజి కాశింబీ
పొద్దున్నే గడప మీద కూచోని
చూపుడేలితో మిస్సీ రుద్దుకునేది.
నల్లటి నోరు. సింగారమనుకుంటిమి.
పెండ్లినాటికే ఆమె పండ్లు పుచ్చినాయని,
నలుపు మీద నలుపు పూసిందని
ఎవురికి తెలుసు?
మా నాయన నవ్వంగా నేను చూళ్ళేదు,
ఫోటోలో గూడా.

"పైపెంకు పల్చగా పుడతాది కొందరికి,
ఉమ్ములో గూడా తేడా ఉంటాది.
అది మీ నుంచి వచ్చిండొచ్చు" అనె డాక్టరమ్మ,
తిట్టినట్ల గాదు, చీటీ రాసుకుంటా.
"అదొక్కటే గాదు మల్ల.
రాత్రిపూట పాలసీసా ఎన్నేండ్ల దాకా ఇస్తిరి?"
ఇద్దరం నేల జూస్తిమి.

యార్డులో రోజూ వింటా ఉంటా,
పురుగు పట్టినంక అందరూ విత్తనాన్ని తిట్టేటోళ్ళే.
ఏ వారం చేను పక్క పోలేదో
ఒక్కడూ చెప్పడు.

దూది ఉండ చేసి
బిడ్డ బుగ్గలో పెట్టె డాక్టరమ్మ.
తరతరాలుగా దూది ఏకేటోళ్ళం,
ఇంత చిన్న పరుపు
మేమెప్పుడూ కుట్టల్యా.

ఇప్పుడు రాత్రి బువ్వలైనంక
ఒళ్ళో పండేసుకోని నేనే తోముతాండా.
బఠానిగింజంత పేస్టు.
కరుస్తాది. ఏడుస్తాది.
నిన్న మాత్రం "నీవి సూపీ" అనె.

నలభై ఏండ్లకు
బల్బు కిందికి నోరు తెరిస్తి.
వేలు పెట్టి లెక్కబెట్టింది,
ఒకటి, రెండు, నాలుగు, ఏడు,
ఊడినవాటిని గూడా కలుపుకోని,
"బో ఉండాయి నాయనా!"