చక్రం మీది సీటు

పొద్దుగాల మూడుంబావుకు సజ్జా క్యాంపు గేటు కాడ
మా బస్సు దగ్గుతది.
అప్పటికే రెండు లైన్లు నిలబడి వచ్చి ఉంటం,
బాత్రూము కాడొకటి, గ్యాసు పొయ్యి కాడొకటి.
బస్సు లైను మూడోది.

నాది ఎనక చక్రం మీది సీటు.
కాళ్లు చాపరాదు, మోకాళ్లు గదువకొస్తయి.
కొత్తగ వచ్చినోనికి మిగిలేది అదే.
పాతోన్నయినంక గూడ నేను దాన్ని ఇడువలే.
లేసిన మోకాళ్ల మీద టిఫిన్ డబ్బా పెట్టి
డబ్బా మీద తలకాయ పెడితే
జబల్ అలీ దాక నిద్ర నిలుస్తది.
అన్నం వేడి చెంపకు తాకుతది.
ఇంత ఎచ్చటి మెత్త క్యాంపుల ఎవ్వనికీ లేదు.

పోను రెండు గంటలు, రాను మూడు.
కుడిచేతి దిక్కు దూరంగ దీపాలు.
ఊర్ల నన్ను దుబాయి మనిషి అంటరు.
తొమ్మిదేండ్ల సంది
దుబాయి నా పక్కపొంటి పోతాంది, అంతే.

జీతం చిట్టీల పనికి ఒక గడి ఉన్నది,
ఓటీకి ఒక గడి ఉన్నది,
రోడ్డుకు లేదు.
ఒకనాడు అట్టముక్క మీద నేనే గీసిన.
రోజుకు ఐదు గంటలు, వారానికి ఆరు రోజులు,
ఇంటికి పోయిన నెలలు తీసేసిన.
రాత్రీ పగలూ కలిపి ఏడాదిన్నర
బస్సులనే కూసున్న.
నా బిడ్డ పుట్టి, బోర్లపడి, గోడ పట్టుకొని లేసి,
గోడ ఇడిసి నడిసినంత కాలం.
ఆ అట్టను నాలుగు మడతలు పెట్టి
సీటు కింద గడగడలాడే ఇనుపపట్టీ సందుల కుక్కిన.
చప్పుడు ఆగింది.

గంగజలకు బస్సులకెళ్లే వాయిస్ పెడ్త.
ఆమె జవాబుల కత్తెర చప్పుడు ఇనస్తది,
తునికాకు కత్తిరిస్తనే మాట్లాడ్తది.
"ఆ ఎనక మొత్తుకునేదేంది?" అన్నది ఒకపారి.
బస్సు, అన్న.
"ఎప్పుడు జూసినా బస్సేనా, పనికి పోవా నువ్వు?"
నవ్విన. పక్కన హర్క బహదూర్ లేసి
ఏమైందని కండ్లతోని అడిగిండు.
చెప్పేటంత హిందీ నాకు రాలే.

హర్కది నేపాల్.
మొదటి దినం ఆయన తల నా భుజం మీద పడితే నూకిన.
రెండో దినం నూకిన.
మూడో దినం నూకేటంత సత్తువ లేకుండె.
గట్లనే మూడేండ్లు.
ఆయనకు పిల్లలెందరో సరిగ తెల్వదు,
ఏ బ్రిడ్జి దిగంగ ఉలిక్కిపడ్తడో మాత్రం తెల్సు.
నా అంగీలన్నిటికీ ఎడమ భుజాన ఆవనూనె మరక.

మొన్న ఎండల్ల ఆయన కాంట్రాక్టు అయిపోయింది.
శుక్రవారం పోయిండు, నేను బట్టలు ఉతుకుతుంటి.
శనివారం డబ్బా మీద తల పెట్టిన, నిద్ర రాలే.
భుజం తేలికగుంటే ఇంత బరువా?
అద్దంల డ్రైవర్ గుల్ జమాన్ కండ్లు కనబడ్డయి,
ఎర్రగ.
మాకంటే గంట ముందు లేస్తడట.
ఇన్నేండ్లల్ల ఆ కండ్లు నేను సూడనేలేదు.

ఇప్పుడా సీట్ల మెట్‌పల్లి దిక్కు పిలగాడు అఖిలేష్ కూసుంటున్నడు.
ముందటి రాడ్డు రెండు చేతులతోని పట్టుకుంటడు,
బస్సు తన మీదనే నడుస్తున్నట్టు.
"ఇంకెంత దూరం అన్నా?"
డబ్బా మీద తల పెట్టు, అన్న.
"అన్నం సల్లారదా?"
సల్లారుతది. ఆ లోపు నిద్రవో.

నిన్న చెప్పు జారితే సీటు కిందికి వంగిండు,
చెప్పుతో పాటు అట్టముక్క చేతికొచ్చింది.
మడతలిప్పి సెల్లు ఎలుగుల పట్టిండు.
"ఇదేం లెక్క అన్నా?"
ఏం లేదు, చప్పుడు రాకుండ పెట్టిన.
మల్ల అండ్లనే పెట్టు.

పెట్టలే. పెదవులు కదులుతున్నయి,
ఐదు, ఆరు...
నేను డబ్బా దిక్కు వంగిన.
కింద ఇనుపపట్టీ
గడగడ మొదలువెట్టింది.