గ్లాసులు కడిగే నీళ్లు

కర్నూలు యార్డులో ఎర్రగడ్డల కుప్పల నడుమ
రాత్రి రెండింటికి నా స్టవ్వొకటే మెలకువగా ఉంటుంది.
హంద్రీ మీంచి వచ్చే గాలి
గోనెపట్టాల కింద చెయ్యి పెట్టి వెతుకుతుంది,
ఎవరి కాళ్లు బయట ఉన్నాయా అని.

రేటు పలకక మూడో రాత్రీ ఇక్కడే పండుకున్న ఉరుకుందప్ప
తుమ్మితే కుప్ప మీంచి ఒక గడ్డ దొర్లిపడింది.
"సలి మామా, పాడు సలి" అన్నాడు.
అవతలి కుప్ప నుంచి దస్తగిరి దగ్గాడు.
వాడి వెనక ఆస్పరి సుంకులమ్మ.
ఆమె ఒళ్లో పిల్లోడికి మంకీ టోపీలోంచి ముక్కొకటే బయటికి,
ఆ ముక్కూ కారుతోంది.

అందరూ చలిని తిట్టారు. నేనూ తిట్టాను.
తిట్టడానికి చలంత అలుసు ఇంకేదీ లేదు.
ఎదురు మాట్లాడదు,
మార్కెట్ కమిటీలో దానికి చుట్టాల్లేరు.

మా జేజి కూడా అంతే.
తడి తలతో వాకిట్లోకి పోతే చీపురు తిరగేసేది.
"నెత్తిన దూరి ముక్కులోంచి దిగుతాది రా సలి" అని
వాము వేయించి గుడ్డలో కట్టి పీల్చమనేది.
ఇప్పటికీ ఆ వాసనకే నాకు సగం పడిశం తగ్గిపోతుంది.

పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ దిగిన నర్సు మెహరున్నీసా
ఒకనాడు స్కూటీ ఆపి టీ తాగుతూ అంది:
"చలికి జబ్బు చెయ్యడం రాదు మామా.
చల్లగాలికి ముక్కులో కాపలావాడు కునుకు తీస్తాడు, అంతే.
దూరేది వేరే. మనిషి నుంచి మనిషికి.
చేతుల మీద, దుప్పట్ల మీద..."
అక్కడ ఆగి గ్లాసు వైపు చూసింది.
తాగింది సగమే. డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చింది.

ఆ సగం టీ నన్ను పడుకోనివ్వలేదు.

ఒక్కటే బకెట్టు. సాయంత్రం ఆరింటికి పట్టిన నీళ్లు.
నూటయాభై గ్లాసులు అందులోనే మునిగి లేస్తాయి.
ఉరుకుందప్ప తాగిన గ్లాసు దస్తగిరికి,
దస్తగిరిది సుంకులమ్మకు,
ఆమె అడుగున మిగిల్చి, ఊది, పిల్లోడికి.
నీళ్లు మారుద్దామంటే కొళాయి యార్డుకు ఆ చివర.
అందులో చెయ్యి పెడితే వేళ్లు నావి కావు.
చలి కదా అని ఊరుకున్నాను.
చలి నాకు బద్ధకమే ఇచ్చింది.
మిగతా పనంతా నేనే చేశాను.

మరి ముడుచుకోవడం తప్పా?
ఒక పట్టా కింద నలుగురు పండుకునేది
వెచ్చదనానికే కాదు, కుప్ప కాపలాకు, నాలుగు మాటలకు.
ఒకడి ఊపిరి ఇంకొకడికి కంబళి.
అందులో పురుగుంది, దూరం జరగండని
ఎవరు చెప్తారు, డిసెంబరులో, బండల మీద?
నా వల్ల కాలేదు.

ఈ రాత్రి ఇంకో స్టవ్వు తెచ్చాను.
దాని మీద టీ లేదు, ఉడుకునీళ్లు.
ఒక్కో గ్లాసూ పొగలు కక్కుతూ పైకి లేస్తుంటే
ఉరుకుందప్ప పట్టాలోంచి తల బయటపెట్టి నవ్వాడు:
"ఏం మామా, గ్లాసులకు గూడా సలేస్తాందా?"
"ఊ" అన్నాను.

దస్తగిరి ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.