రాతిపువ్వు, ముందటి యేడుది

అచ్చంపేటలో పొద్దున్నే బయల్దేరి
పదర దాటి, గుట్ట ఎక్కి
బండ మీద వంగి చాకుతో గీకుతున్నాను.
బూడిదరంగు పొలుసు, చిటికెడు.
కాగితం పొట్లం మీద పెన్సిల్‌తో: పద్నాలుగు.

"మసాలకా సారూ?" అంది తోకల ఈదమ్మ.
కాదమ్మా, మిషన్ల పెట్టి చూడనీకి.

దీనికి వేరు లేదు.
గాలి ఏది పెడితే అదే తిండి:
మంచు, పొగ, బోరు లేపిన తెల్లదుమ్ము.
తిన్నది ఉమ్మడం రాదు.
ఏడాదంతా కూచుంటే ఆవగింజంత పెరుగుతుంది.

అవతల, సిమెంటు మూత వేసిన బోరు గుంత.
మూత మీద ఒక నంబరు.
అది దేని లెక్కో పెంటలో ఎవరికీ చెప్పలేదు.
లారీలు పోయి ఆరేండ్లు.

నా లెక్కకూ ఒక చిక్కుంది.
ఇప్పటిది ఎంతైనా దొరుకుతుంది,
బోర్లు దిగకముందుది కావాలి.
పాత గాలిని ఎవరు దాచిపెడతారు?

గుట్ట దిగినంక ఈదమ్మ గుడిసెలోకి వంగింది.
చూరులో చెక్కిన గుడ్డమూట దించింది.
"ఆ యేడు షావుకారు కొనలే,
తడిసిందన్నడు. పారెయ్య మనసొప్పలే.
నా చిన్నపిల్ల పుట్టిన యేడు.
లారీలు ఇంకా రాలే."

అరచేతిలో పెట్టుకున్నాను. బరువే లేదు.

పొట్లం మీద సున్నా అని రాశాను.
ఆమె నా పెన్సిల్ వైపే చూస్తోంది.
"నా పేరు గూడ రాయి సారూ.
రేపు తేడా వస్తే
ఎవల్ని అడుగుతరు మరి?"