మడ్డి

అద్లియాల మెట్లు దిగితే మా బారు.
పైన నలభై ఎనిమిది డిగ్రీల మనామా.
వచ్చినోళ్లందరు అడిగేది ఒకటే: ఇంకా చల్లగ.

పెంబర్టన్ ముసలాయన మాత్రం
ఫ్రిజ్‌లకెల్లి సీసా తీపిచ్చి
"దోసిట్ల పట్టుకో రాజలింగం, పిట్టపిల్లను పట్టినట్టు" అన్నడు.
పట్టుకున్న, పది నిమిషాలు.
గ్లాసులు కడిగి నానిన చేతులల్ల
ఇంకా అంత వేడి ఉన్నదని నాకే తెల్వదు.

పోస్తే నలుపు.
దీపానికి అడ్డం పెడితే అంచుకు
ఎండిన కుంకుడుకాయ రంగు.
నురుగు తక్కువ. తొందర లేదు.

నాకో గుక్క పోసి "ఏం తగిలింది?" అన్నడు.

బెల్లం పెనంల అడుగంటిన పాకం.
ఖర్జూరం, అది ఈడిదే.
ఆనక నాలుక కింద,
నిరుటి చింతపండు జాడి మూత తీసినట్టు
సన్నటి పులుపు.
గొంతు దిగినంక
బూడిద కప్పిన నిప్పు.

ఇంగ్లీషుల నాకు దొరికింది
"డేట్స్, సర్."
అంతే.

లేబుల్ మీద పంతొమ్మిదేండ్ల కిందటి సాలు.
మా అయ్య పొద్దుగాల గీసిన ఈతకల్లు
మాపటికి పుల్లగైతె పారబోసెటోడు.
ఈ ముచ్చట ఫోన్ల చెప్తే
"అబద్దాలు నేర్సినవ్‌రా" అంటడు.

ముసలాయన పోయిండు.
సీసా అడుగున వేలెడు మడ్డి.
సింకు దాక పోయి
మల్ల మూత పెట్టిన.